స్క్రీన్ మూల వైరస్ మెసేజ్‌లు వస్తన్నాయి, ఫార్మాట్ కొట్టించాల్సిందేనా?

బ్రాడీపేట_భాను
ఇంట్లో డెస్క్‌టాప్‌తో ఒకటే గోలగా ఉంది. కింద కుడి మూల నుంచి ఎర్ర డబ్బాలు ఒకదాని మీద ఒకటి వస్తన్నాయి, మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు ఉన్నాయి వెంటనే రెన్యూ చేయండి అని. ఒకటి మూస్తే రెండు వస్తన్నాయి. అరండల్‌పేటలో ఒక షాపుకి తీసుకెళ్తే కనీసం ఆన్ చేసి కూడా చూడలేదు, ఫార్మాట్ కొట్టాలి పదిహేను వందలు, యాంటీవైరస్ ఇంకో వెయ్యి అన్నాడు. డేటా సంగతి అడిగితే సీ డ్రైవ్‌లో ఉన్నయ్యి పోతాయి మేడం, డెస్క్‌టాప్ మీద ఉన్నయ్యి కూడా అంతే అంటన్నాడు. మా నాన్న పెన్షన్ కాగితాల స్కాన్లు, పాప చిన్నప్పటి ఫొటోలు అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. మళ్ళీ ఇంటికి తెచ్చేశా. నిజంగా ఫార్మాట్ తప్ప దారి లేదా?

కృష్ణలంక_కిరణ్
వద్దు. ముందు ఆ ఫొటోలు వేరే చోట దాచుకోండి, తర్వాతే ఏదైనా.

సిస్టమ్_శీను
గవర్నర్‌పేటలో సర్వీసింగ్ చేస్తా. భానుగారూ, మీరు చెప్పింది వింటే తొంభై శాతం అది వైరస్ కాదు, క్రోమ్ నోటిఫికేషన్. ఆ ఎర్ర డబ్బా పైన చిన్న అక్షరాల్లో గూగుల్ క్రోమ్ అని, పక్కన ఏదో పిచ్చి వెబ్‌సైట్ పేరు ఉంటుంది చూడండి. ఏదో ఒక సైట్‌లో "మీరు రోబోట్ కాదని చెప్పడానికి అలౌ నొక్కండి" అని అడిగి ఉంటారు, ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. అప్పటినుంచి ఆ సైట్ వాడు వాడికి ఇష్టమొచ్చింది మీ స్క్రీన్ మీద చూపించొచ్చు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్ళండి. అలౌ చేసిన సైట్ల లిస్టులో మీకు తెలియనివన్నీ తీసేయండి. ఆ డబ్బా మీద మాత్రం నొక్కొద్దు, అందులో కార్డు నంబర్ అడిగే పేజీ తెరుచుకుంటుంది.

బ్రాడీపేట_భాను
చూశా, నిజంగానే గూగుల్ క్రోమ్ అని ఉంది!! లిస్టులో ఎప్పుడూ వినని సైట్లు ఒక గంపెడు ఉన్నాయి. అన్నీ తీసేశా. ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు. దీనికా పదిహేను వందలు అడిగాడు?

పటమట_పద్మ
మా అత్తగారి ల్యాప్‌టాప్‌లో అచ్చం ఇదే. సీరియళ్ళు ఫ్రీగా చూపించే సైట్ల వల్ల వచ్చింది. ఆవిడ పాపం అవి నిజమని భయపడి ప్లగ్గు పీకేసి కూర్చునేవారు. నోటిఫికేషన్స్‌లో "సైట్లు అసలు అడగకూడదు" అనే ఆప్షన్ కూడా ఉంది, అది పెట్టేస్తే పెద్దవాళ్ళకి హాయి.

యార్డు_గుమాస్తా
అంత తేలిగ్గా వదిలేయకండి. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తా. పాపప్ పోయిందని వైరస్ లేదనుకుంటే ఎట్టా? అలౌ నొక్కించిన సైటే ఇంకేమన్నా దింపి ఉండొచ్చు కదా. డబ్బులు పెట్టి యాంటీవైరస్ కొనుక్కోవడమే నయం, ఏడాదికి వెయ్యి రూపాయలు పోతే పోనీ.

కృష్ణలంక_కిరణ్
గుమాస్తాగారి మాటలో సగం ఒప్పుకుంటా. స్కాన్ చెయ్యాలి, కానీ కొనక్కర్లేదు. విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ళ యాంటీవైరస్ లోపలే వస్తంది, ఫ్రీ. జర్మనీలో ఏవీ-టెస్ట్ అనే సంస్థ పెట్టే పరీక్షల్లో దానికి కొన్నేళ్ళుగా మంచి మార్కులే వస్తన్నాయి. భానక్కా, విండోస్ సెక్యూరిటీ తెరిచి స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటది, అది పెట్టు. రీస్టార్ట్ అయ్యి, విండోస్ లేవకముందే వెతుకుద్ది, ఓ పావుగంట పడద్ది. లోపల దాక్కున్నవాటికి అప్పుడు అడ్డుపడే వీలుండదు.

యార్డు_గుమాస్తా
ఫ్రీగా ఇచ్చేదాన్ని నమ్మి లెక్కల పుస్తకాలు పెట్టలేను తమ్ముడూ.

సిస్టమ్_శీను
కొనుక్కునేవాళ్ళని నేనేం వద్దనను. కొన్నిట్లో పిల్లల కంట్రోలూ, ఫోన్‌లో మాట్లాడి సాయం చేసే మనుషులూ ఉంటారు, కొందరికి అది అవసరం. రెండు మాత్రం ఒకే సిస్టమ్‌లో వేయొద్దు, ఒకదాన్నొకటి అడ్డుకుని సిస్టమ్ పాకద్ది. ఇంకోటి వేస్తే డిఫెండర్ దానంతటదే తప్పుకుంటది. ఏడాది అయ్యాక రెన్యూ చేయకపోతే మాత్రం, ఆ పాతది తీసేయండి. గడువు అయిపోయినదాన్ని అట్టానే ఉంచుకుని నాకు యాంటీవైరస్ ఉంది అనుకునేవాళ్ళు నా దగ్గరకి చాలామంది వస్తారు.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. ఈ ఫార్మాట్ అలవాటు గురించి. మన దగ్గర ఏ చిన్న తేడా వచ్చినా ఫార్మాట్ కొట్టేయ్ అంటారు. ఎందుకంటే కష్టం ఏం లేదు, పెన్‌డ్రైవ్ పెట్టి వదిలేస్తే అరగంటలో అయిపోద్ది, చేసేవాడికి అంతకంటే సుఖమైన పని లేదు. మరి ఫార్మాట్ అయ్యాక ఏ విండోస్ వేస్తన్నారు? లైసెన్సు ఉన్న సిస్టమ్ మీద కూడా వాళ్ళ పెన్‌డ్రైవ్‌లో ఉన్న క్రాక్ విండోసే, అంటే లైసెన్సు లేని దొంగ కాపీయే వేసేస్తారు. దాన్ని యాక్టివేట్ చేసే దొంగ ప్రోగ్రామ్ నడవాలంటే డిఫెండర్ ఒప్పుకోదు, అందుకని డిఫెండర్ ఆపుతారు లేదా ఫలానాది చూడొద్దని ఎక్స్‌క్లూజన్ పెడతారు. అప్‌డేట్ వస్తే యాక్టివేషన్ పోద్దేమోనని అప్‌డేట్లు కూడా ఆపేస్తారు. అంటే వైరస్ పోవాలని మీరు డబ్బులిచ్చి, తలుపులు తీసి ఉంచిన సిస్టమ్ ఇంటికి తెచ్చుకుంటన్నారన్నమాట. అందరూ అట్టా కాదు, లైసెన్సు కీ జాగర్తగా చూసి వేసేవాళ్ళు నాకు తెలుసు, కానీ అడగండి. "ఒరిజినల్ విండోసేనా, అప్‌డేట్లు ఆన్‌లో ఉన్నాయా" అని ఎదురుగానే అడగండి.

భానుగారూ, విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అన్నిటికంటే కింద ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటది. అక్కడ ఏం రాసుందో చెప్తారా?

రిటైర్డ్_మాష్టారు
ఎక్స్‌క్లూజన్ అంటే ఏమిటి శీనూ, కాస్త విడమరిచి చెప్పు. నా వయసు వాళ్ళు కూడా చదువుతున్నారిక్కడ.

సిస్టమ్_శీను
మాష్టారూ, ఈ ఫోల్డర్‌లో ఏమున్నా చూడొద్దు అని డిఫెండర్‌కి చెప్పడం. మామూలుగా ఆ లిస్టు ఖాళీగా ఉండాలి.

బ్రాడీపేట_భాను
ఖాళీగా లేదు. "సీ:" అని ఒక్కటే ఉంది. అంటే ఏంది?

కృష్ణలంక_కిరణ్
అమ్మో

సిస్టమ్_శీను
అంటే సీ డ్రైవ్ మొత్తాన్ని వదిలేయమని. మీ సిస్టమ్‌లో యాంటీవైరస్ ఉన్నట్టే కనపడద్ది, పచ్చ టిక్కు కూడా ఉంటది, కానీ విండోస్ ఉన్న డ్రైవ్‌నే అది చూడట్లేదు. ఇంతకుముందు ఎవరో ఫార్మాట్ చేసినప్పుడు పెట్టి ఉంటారు. దాన్ని తీసేసి, తర్వాత కిరణ్ చెప్పిన ఆఫ్‌లైన్ స్కాన్, అది అయ్యాక మళ్ళీ లేచాక ఫుల్ స్కాన్. ఫుల్ స్కాన్ రాత్రి పెట్టి పడుకోండి.

యార్డు_గుమాస్తా
శీను చెప్పింది చదివి మా కొట్టు సిస్టమ్ చూశా. అక్కడ ఖాళీగానే ఉంది, ఊపిరి పీల్చుకున్నా. నాకు ఈ భయం ఎందుకంటే, మా పక్క కొట్టాయన ఇంట్లో జరిగింది కళ్ళారా చూశా. వాళ్ళబ్బాయి ఏదో గేమ్ క్రాక్ దింపాడు, నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటే ఆపాడు. తెల్లారేసరికి ఫైళ్ళన్నిటి పేర్ల చివర నాలుగక్షరాల తోక. ఫొటోలు తెరుచుకోవు, ఎక్సెల్ తెరుచుకోదు, లెక్కల డేటా లోడ్ కాదు. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, 980 డాలర్లు కట్టు, 72 గంటల్లోపు మాట్లాడితే 490 డాలర్లకే ఇస్తా అని. సీజన్ మధ్యలో. రైతుల పట్టీలన్నీ అందులోనే. ఆయన కుర్చీలో కూలబడి లేవలేదు ఆ రోజు. కాగితం మీద రాసుకున్నదాంతో సగం లెక్కలు మళ్ళీ కట్టాం, మిగతా సగం రైతుల నోటిమాట మీదే. అందుకే డబ్బు పెట్టి కొనమంటన్నా, వేరే ఏం కాదు.

కృష్ణలంక_కిరణ్
అది స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్. ఆ 980, 490 లెక్కే దాని గుర్తు. అది ఎక్కువగా వచ్చేదే క్రాక్‌లు, దొంగ లైసెన్సు కీలు తయారుచేసే కీజెన్‌ల ద్వారా. గుమాస్తాగారూ ఒకటి గమనించండి, అక్కడ యాంటీవైరస్ లేక కాదు, ఉన్నదాన్ని చేత్తో ఆపినందువల్ల వచ్చింది. వెయ్యి రూపాయలది అయినా ఆపేస్తే అంతే కదా.

యార్డు_గుమాస్తా
అది నిజమేలే.

రిటైర్డ్_మాష్టారు
డబ్బు కడితే ఫైళ్ళు ఇస్తారా? వేరే మార్గం లేదా?

సిస్టమ్_శీను
కట్టినా ఇస్తారని గ్యారంటీ లేదు మాష్టారూ, కట్టొద్దు. నో మోర్ రాన్సమ్ అని ఒక సైట్ ఉంది, 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి పెట్టారు. లాక్ అయిన ఫైలు ఒకటి, ఆ బెదిరింపు నోటు అక్కడ ఎక్కిస్తే ఏ రకమో చెప్తది, తాళం దొరికి ఉంటే ఉచితంగా ఇస్తది. ఈ డీజేవీయూకి ఎమ్‌సీసాఫ్ట్ వాళ్ళు చేసిన డిక్రిప్టర్ ఉంది. అది అందరికీ పనిచేయదు, ఆ వైరస్ తనని వదిలినవాడి సర్వర్‌ని అందుకోలేక తనలో ఉన్న కీతోనే లాక్ చేసిన కేసుల్లో పనిచేయొచ్చు. ఇప్పుడు తాళం దొరక్కపోయినా ఆ ఫైళ్ళు చెరపకుండా ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టి ఉంచమనండి. తర్వాతెప్పుడో కీలు బయటపడిన సందర్భాలున్నాయి.

తగిలిన వెంటనే చేయాల్సింది ముందు నెట్ కేబుల్ పీకడం, ఎక్స్‌టర్నల్ డిస్కులు పీకడం. తర్వాత వేరే ఫోన్లోంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చడం. డీజేవీయూ ఒంటరిగా రాదు, చాలాసార్లు పాస్‌వర్డ్‌లు దొంగిలించేది కూడా వెంట తెచ్చుద్ది. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సింగ్‌నగర్_సాయి
అందరూ బ్యాకప్ ఊసెత్తుతారేమోనని చూస్తన్నా, ఎవరూ ఎత్తలేదు. అసలు మందు అదే కదా. 3-2-1 అంటారు, మూడు కాపీలు, రెండు రకాల వాటిల్లో, ఒకటి ఇంటి బయట. ఆ చివరిదాని విలువ మాకు తెలిసింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మా కింది పోర్షన్‌లో సీపీయూ మునిగింది, పక్కనే అరలో బ్యాకప్ హార్డ్‌డిస్క్, అదీ మునిగింది. పడవల మీద బయటికి వచ్చాం, అప్పుడు డిస్కులు ఎవడు చూస్తాడు. మా అక్క పెళ్ళి ఫొటోలు తెనాలిలో మా బాబాయి దగ్గర ఒక కాపీ ఉండబట్టి మిగిలాయి. వైరస్ అయినా వరదైనా ఒకే ఇంట్లో ఉన్న రెండు కాపీలూ ఒకేసారి పోతాయి.

పటమట_పద్మ
సాయీ చదువుతుంటే ఆ రోజులు గుర్తొచ్చాయి. మా చెల్లి వాళ్ళు కూడా అక్కడే. మీ వాళ్ళంతా బాగున్నారు కదా ఇప్పుడు?

సింగ్‌నగర్_సాయి
బాగున్నాం అక్కా. సీపీయూ ఇప్పుడు బల్ల మీద ఉంది, హార్డ్‌డిస్క్ మేడ మీద ఉంది 🙂

డీటీపీ_రాణి
గూగుల్ డ్రైవ్‌లో పెడితే చాలదా? 15 జీబీ ఫ్రీ కదా.

కృష్ణలంక_కిరణ్
కొంతవరకు చాలుద్ది. కానీ కంప్యూటర్‌తో సింక్ అయ్యే ఫోల్డర్ అయితే ఇక్కడ ఫైలు పాడైతే అక్కడా పాడైన ఫైలే ఎక్కుద్ది. డ్రైవ్ పాత వెర్షన్లు 30 రోజులు ఉంచుద్ది, కాబట్టి ఒక్కో ఫైలు వెనక్కి తెచ్చుకోవచ్చు, అయితే వేల ఫొటోలకి అది నరకం. అందుకని సింక్ ఉన్నా సరే, నెలకోసారి హార్డ్‌డిస్క్ తగిలించి కాపీ చేసి పీకెయ్యాలి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కునీ రాన్సమ్‌వేర్ వదలదు.

డీటీపీ_రాణి
మాది వన్‌టౌన్‌లో శుభలేఖలు, కరపత్రాల డీటీపీ, రాత్రిళ్ళు ఇంట్లో సిస్టమ్ మీద కూడా చేస్తా. రోజుకి ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెడతారో లెక్కలేదు. మాకు ప్రాణం తీసేది షార్ట్‌కట్ వైరస్. కస్టమర్ పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లు ఉండవు, వాటి పేరుతోనే షార్ట్‌కట్‌లు ఉంటాయి, మూల చిన్న బాణం గుర్తుతో. దాన్ని డబుల్‌క్లిక్ చేశారంటే వైరస్ మన సిస్టమ్‌లోకి వచ్చినట్టే, అప్పటినుంచి ఆ సిస్టమ్‌లో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుద్ది. ఫోల్డర్లు ఎక్కడికీ పోవు, అక్కడే దాగి ఉంటాయి. వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే చాలదు, ఫోల్డర్ ఆప్షన్స్‌లోకెళ్ళి "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" అనేదాని టిక్ తీయాలి, అప్పుడు మసగ్గా కనపడతాయి. నేనైతే పెన్‌డ్రైవ్ పెట్టగానే కుడిక్లిక్ కొట్టి స్కాన్ చేశాకే తెరుస్తా, కస్టమర్ ఎంత తొందరపెట్టినా.

పిల్లల ప్రాజెక్ట్ వర్క్ ప్రింటుకి పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపేవాళ్ళు, ఇంటికొచ్చాక అట్టానే పెట్టేయకండి. వీలైతే మెయిల్ చేసి ప్రింట్ తీయించుకోండి.

లైనక్స్_లక్ష్మణ్
ఈ బాధలన్నీ పడేకంటే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే పోలా? ఉచితం, క్రాక్‌లతో పని లేదు, ఈ విండోస్ వైరస్‌లు దాదాపు ఏవీ అందులో నడవవు.

డీటీపీ_రాణి
మేం తెలుగు కొట్టే అను ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ అందులో నడుస్తాయా మరి? శుభలేఖ ఎవరు కొడతారు, మీరొచ్చి కొడతారా?

లైనక్స్_లక్ష్మణ్
మీకు కాదులే అక్కా, మెయిల్ చూసుకుని యూట్యూబ్ చూసే ఇళ్ళకి చెప్తన్నా. మా అమ్మ హాయిగా వాడుతోంది.

సిస్టమ్_శీను
లక్ష్మణ్ మాట కొన్ని ఇళ్ళకి సరైనదే. కాకపోతే లైనక్స్‌లో కూడా బ్రౌజర్‌లో అలౌ నొక్కితే ఆ ఎర్ర డబ్బాలు వస్తాయి, మోసపు పేజీలో కార్డు నంబర్ కొడితే డబ్బులు పోతాయి. అది మర్చిపోవద్దు.

బీటెక్_బన్నీ
నాది కొత్త రకం, ఎవరూ చెప్పలేదు. మా హాస్టల్లో ఫ్రెండ్‌కి వచ్చింది. ఏదో సైట్‌లో మనిషివని నిరూపించుకో అని క్యాప్చా, మామూలుగా బస్సులు, సిగ్నళ్ళ బొమ్మలు ఉంటాయి కదా, ఇందులో అవి లేవు. విండోస్ బటనూ ఆర్ బటనూ కలిపి నొక్కు, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అని రాసుంది. వాడు ఎంటర్ కొట్టబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నా. ఆ రన్ డబ్బాలో చూస్తే పవర్‌షెల్ (విండోస్‌కి ఆజ్ఞలిచ్చే ప్రోగ్రామ్) అని మొదలయ్యే పెద్ద తోరణం ఉంది, చివర్లో మాత్రం నేను రోబోట్ కాదు అని ఇంగ్లీషులో ఉంది. డబ్బా చిన్నది కదా, అందులో చివరి ముక్కే కనపడద్ది.

కృష్ణలంక_కిరణ్
శభాష్ బన్నీ. దీన్ని క్లిక్‌ఫిక్స్ అంటారు, 2024 నుంచి బాగా పెరిగింది. ఆ పేజీలో నొక్కగానే ఆ కమాండ్‌ని మనకి తెలియకుండా కాపీ చేసి పెడతారు, మన చేత్తోనే పేస్ట్ చేయిస్తారు. మనమే నడిపాం కాబట్టి బ్రౌజర్ అడ్డుకోలేదు. లోపలికొచ్చేది ఎక్కువగా లుమా లాంటి పాస్‌వర్డ్ దొంగ. క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, మనం లాగిన్ అయి ఉన్నామని సైట్లు గుర్తుపెట్టుకునే కుకీలు మూటకట్టి పట్టుకెళ్తది. కుకీలు పోతే ఓటీపీ కూడా అడ్డురాదు, ఎందుకంటే మనం లాగిన్ అయ్యే ఉన్నట్టు లెక్క. అందుకని పాస్‌వర్డ్ మార్చడంతో పాటు అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కొట్టాలి. ఏ నిజమైన క్యాప్చా కూడా రన్ డబ్బా తెరవమనదు.

పటమట_పద్మ
ఇది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించా. మా వారైతే తప్పకుండా నొక్కేవారు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

బ్రాడీపేట_భాను
ఎక్స్‌క్లూజన్ తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్, ఫుల్ స్కాన్ రెండూ చేశా. రెండు దొరికాయి. ఒకటి విండోస్ యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్, ఇంకోటి ట్రోజన్ (మంచి ఫైలులా నటించే వైరస్) అని ఉంది, డౌన్‌లోడ్స్‌లో ఒక పీడీఎఫ్ లాంటి ఫైలు. రెండూ తీసేసింది. ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి మా అన్నయ్య వాళ్ళింట్లో పెట్టా.

సిస్టమ్_శీను
మంచి పని చేశారు. ఆ పీడీఎఫ్ లాంటి ఫైలు చివర ఈఎక్స్‌ఈ అని ఉండి ఉంటది. విండోస్ ఆ తోకని మామూలుగా దాచేస్తది, వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి, ఇకనుంచి కనపడద్ది. అది ఎప్పుడన్నా తెరిచి ఉంటే పాస్‌వర్డ్‌లు ఫోన్లోంచి మార్చేయండి. పిల్లలకి వేరే అకౌంట్ చేసి దాన్ని స్టాండర్డ్ యూజర్‌గా పెట్టండి, అప్పుడు సిస్టమ్ మొత్తానికి ఏదన్నా ఇన్‌స్టాల్ చేయాలంటే మీ పాస్‌వర్డ్ అడుగుద్ది.

యాక్టివేటర్ పోయింది కాబట్టి విండోస్ లైసెన్సు అడగొచ్చు. సిస్టమ్ కొన్నప్పుడు ఒరిజినల్‌తో వచ్చిందేమో బిల్లు చూడండి. బ్రాండెడ్ సిస్టమ్ అయితే చాలావాటికి కీ మదర్‌బోర్డులోనే ఉంటది, సరైన ఎడిషన్ వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుద్ది, పైసా పెట్టక్కర్లేదు.

యార్డు_గుమాస్తా
అప్‌డేట్ల మాట నేనూ ఒప్పుకుంటా. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన ఏపీ పోలీసు వాళ్ళ కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయని పేపర్లో చదివా.

కృష్ణలంక_కిరణ్
అవును. దానికి మైక్రోసాఫ్ట్ మందు మార్చి 14నే వదిలింది, అది తగిలింది మే 12న. దాదాపు రెండు నెలలు. అప్‌డేట్ వేసుకున్నవాళ్ళ సిస్టమ్‌లోకి ఆ దారిన రాలేకపోయింది.

రిటైర్డ్_మాష్టారు
నాది విండోస్ 10, పాత ల్యాప్‌టాప్. 11 దీనికి రాదని చూపిస్తోంది. అప్‌డేట్లు ఆగిపోయాయని మనవడు అంటున్నాడు. పెన్షన్ వచ్చే బ్యాంకు లాగిన్ దీంట్లోనే చేస్తాను. పారేయాలా?

లైనక్స్_లక్ష్మణ్
మాష్టారూ మింట్ మీకోసమే పుట్టింది. ఆదివారం బ్రాడీపేట వైపు వస్తా, పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూపిస్తా, నచ్చితేనే ఎక్కిద్దాం.

సిస్టమ్_శీను
పారేయొద్దు మాష్టారూ. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి, నిజమే. కానీ ఇళ్ళల్లో వాడేవాళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామన్నారు, దానికి పేరు నమోదు చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఎన్‌రోల్ అని కనపడద్ది. సెట్టింగ్స్ బ్యాకప్ సింక్ ఆన్ చేస్తే డబ్బులు కూడా కట్టక్కర్లేదు. ఎన్‌రోల్ కనపడకపోతే మీది 22హెచ్2 వెర్షనా కాదా చూడండి, ముందు అది వేయాలి. ఆ గడువు లోపల లక్ష్మణ్ చూపించే మింట్ అలవాటవుద్దేమో చూసుకోండి. ఈలోపు ఎవరన్నా ఫోన్ చేసి మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ పాతబడింది, ఎనీడెస్క్ (దూరం నుంచి మీ సిస్టమ్ నడిపే యాప్) వేసుకోండి అంటే ఫోన్ పెట్టేయండి. వాళ్ళు మనకి ఫోన్లు చేయరు.

రిటైర్డ్_మాష్టారు
22హెచ్2 అనే ఉంది. ఎన్‌రోల్ నొక్కాను, అయిందని చూపించింది. లక్ష్మణ్, ఆదివారం పదింటికి రా, టిఫిన్ ఇక్కడే.